తవిటమ్మ నూట అరవై

కాసులమ్మ ఇంట్లో ఎనభై వేయించారన్న వార్త తవిటమ్మకి కొళాయి దగ్గర తెలిసింది. ఎనభై అంటే ఏమిటో ఆమెకి తెలియదు. చెప్పిన మనిషికీ తెలియదు. కానీ తమ ఇంట్లో ఉన్నది ఇరవై అని మాత్రం తవిటమ్మకి బాగా తెలుసు. ఇరవై కంటే ఎనభై పెద్దదని గ్రహించడానికి చదువుతో పనేముంది? బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఆమె అలాగే నిలబడిపోయింది.

కలకత్తా కార్పొరేషన్ క్వార్టర్లలో ఆ వరసన తొమ్మిది తెలుగు ఇళ్ళున్నాయి. కంప్యూటర్లున్నవి రెండింట్లోనే. మొదట తెచ్చింది తవిటమ్మ కొడుకు వెంకటేశు. సాల్ట్ లేక్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాదే పూజా బోనసుతో కొన్నాడు. ఆరు నెలల పాటు తవిటమ్మ నేల మీద నడిస్తే ఒట్టు. తర్వాత గోడ అవతలి కాసులమ్మ కూడా ఎవరో వాడి అమ్మేసింది ఒకటి తెచ్చుకుంది. అందులో డిస్కు పది జీబీలే అని తెలిసి తవిటమ్మ ఆమె మీద జాలిపడింది. జాలిపడటంలో ఉన్న సుఖం అంతా ఇంతా కాదు.

డిస్కు అంటే బీరువా లాంటిదని వెంకటేశు తల్లికి చెప్పాడు. ఫొటోలు, పాటలు, సినిమాలు అన్నీ అందులోనే దాగుతాయట. ఆ బీరువాలో తవిటమ్మ సొమ్ము ఒక్కటే ఉంది. పోయిన ఏడాది చనిపోయిన తన తల్లి నరసమ్మ వీడియో, మూడు నిమిషాలది. వెంకటేశు స్నేహితుడి కెమెరా తెచ్చి తీశాడు. నరసమ్మ చేటలో బియ్యం ఏరుతూ, మనవణ్ణి వెక్కిరిస్తూ నవ్వుతుంది. ఆఖర్న కూతుర్ని తిడుతుంది. శుక్రవారం దీపం పెట్టగానే తవిటమ్మ కొడుకు చేత అది పెట్టించుకునేది. తల్లి గొంతు ఇంకెక్కడా లేదు మరి.

నరసమ్మ పోయిన నెలకి కాసులమ్మ వచ్చి అడిగింది.

"వదినా, నరసమ్మత్త బొమ్మ మా దాంట్లో కూడా ఏయించవా?"

"మీ దాంట్లో ఎక్కడ పడతాది వదినా? మీది సిన్నది కదేటి!"

పడుతుందని వెంకటేశు అంతకు ముందే చెప్పాడు. తల్లిని పంచుకోవడం తవిటమ్మకి ఇష్టం లేదు. పైగా ఆ తిట్టు కాసులమ్మ చెవిన పడటం అసలే ఇష్టం లేదు.

అలాంటి కాసులమ్మ ఇంట్లో ఇప్పుడు ఎనభై! తవిటమ్మకి ఒంటికి కారం రాసుకున్నట్టయింది. గోడ అవతల ఎవరు నవ్వినా తనని చూసే నవ్వుతున్నారనిపించేది. వారం రోజులు కూరల్లో ఉప్పు ఎక్కువో తక్కువో అవుతూనే ఉంది. భర్త పోలయ్య నీళ్ళ పైపుల పని చేసి చేసి నిదానం నేర్చుకున్నవాడు. అతనే ఒకనాడు కంచం ముందు ఉండబట్టలేక అన్నాడు.

"ఏటే నీ ఏడుపు? మన ఇరవై సగం కూడా నిండనేదని నీ కొడుకే సెప్తన్నాడు."

"నిండేదాకా ఆగడానికి అదేటి, ధాన్యం గాదేటి?" అంది తవిటమ్మ.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని ఊరికే అనలేదు పెద్దలు. టికియాపారాలో ఉండే తమ్ముడు రఘురాం కలకత్తా చాందినీ చౌక్‌లో కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తాడు. తవిటమ్మ అతనికి ఫోను చేసింది.

"ఎనభై కంటే పెద్దది ఏటున్నాదిరా?"

"నూట అరవై ఉన్నాదప్పా. అంత మీకెందుకు?"

"ఎందుకో నాకెరికే. నువ్వు తే."

ఆదివారం రఘురాం వచ్చి కంప్యూటరు డొక్క విప్పాడు. నాలుగు మరలు తీసి ఇరవైని బయట పెట్టి, దాని చోట నూట అరవైని బిగించాడు. తవిటమ్మ ఆఖరి మర బిగిసేదాకా కూడా ఆగలేదు, చెంగు దులుపుకొని కాసులమ్మ గుమ్మంలోకి వెళ్ళిపోయింది. ఇక్కడ రఘురాం పాత డిస్కుని పోలయ్య చేతిలో పెట్టాడు.

"బావా, రెండూ ఒక్కసారే తగిలించే తీగ తేనేదు. ఇందులోవి వచ్చే ఆదివారం కొత్తదాన్లోకి ఎక్కిస్తాను. అందాకా ఇది బద్రం."

పోలయ్య దాన్ని పాత పేపర్లో చుట్టి టీవీ వెనక పెట్టాడు. భార్యకి తెలిసే ఉంటుందనుకున్నాడు, పాపం. ఆ ఇంట్లో ఆమెకి తెలియకుండా ఏది జరిగింది గనక!

అవతల గుమ్మంలో తవిటమ్మ, "మేం నూట అరవై ఏయించినాం వదినా" అంటోంది.

"మంచిదే కదా వదినా" అని నవ్వింది కాసులమ్మ. ఆ నవ్వులో కుళ్ళు ఎంత వెతికినా తవిటమ్మకి దొరకలేదు. ఈలోగా ఆమె కళ్ళు అలమరలో ఉన్న కొత్త స్టీలు డబ్బా మీద పడ్డాయి.

"అదా? బాసనవాలీ ఇచ్చినాది. రెండు పాత చీరలేసి, పనికిరాని పాత డిస్కు కూడా పడేసినాను. బరువు సూసి మూత కూడా ఇచ్చినాది."

నూట అరవై సంబరం కాస్తా అక్కడే ఆవిరైపోయింది. పాత బట్టలు తీసుకొని స్టీలు సామాను ఇచ్చే బాసనవాలీ గురువారం గురువారం వస్తుంది. ఆ గురువారం ఇంట్లో మగవాళ్ళు లేరు. తవిటమ్మ మూడు చీరలు, మొగుడి రెండు ప్యాంట్లు వేసింది. అప్పటికీ బాసనవాలీ ఆమె అడిగిన స్టీలు బిందె వదలలేదు. తవిటమ్మ టీవీ వెనక దుమ్ము దులిపినప్పుడు చూసిన పాత డిస్కు పొట్లం తెచ్చి పైన పెట్టింది. కొత్త బీరువా వచ్చాక సామానంతా అందులోకే సర్ది ఉంటారు కదా, పాతదెందుకు? బిందె చేతికొచ్చింది. కాసులమ్మకి కనబడేలా దాన్ని వరండాలో బోర్లించింది.

మర్నాడు శుక్రవారం. దీపం పెట్టి, "అమ్మని ఎట్టరా" అంది కొడుకుతో.

"ఇందులో నేదమ్మా. పాత డిస్కులోనే ఉంది. మావయ్య ఆదివారం ఎక్కిస్తానన్నాడు. ఏదీ అది?"

తవిటమ్మ వరండా వైపు చూసింది. కొడుకూ, పక్కనే ఉన్న పోలయ్యా కూడా బిందె వైపు చూశారు.

తండ్రీ కొడుకులు రెండు రోజులు తిరిగి బాసనవాలీని పట్టుకున్నారు. ఆమె డిస్కుని పాత ఇనుము వాడికి ఇచ్చేసింది, వాడు దాన్ని సుత్తితో పగలగొట్టి లోపలి రేకులు వేరు చేసుకున్నాడు. ఆ సంగతి విని తవిటమ్మ గోడకి జారగిలబడి కూలబడింది. అప్పుడు వెంకటేశు నెమ్మదిగా అన్నాడు.

"అమ్మమ్మ బొమ్మ కాసులమ్మత్త దగ్గరుందమ్మా. ఎనభై ఏయించినాక అడిగితే నానే ఏసిచ్చినాను."

తవిటమ్మ కొడుకుని నానా మాటలూ అంది. ప్రాణం పోయినా ఆ గడప తొక్కనంది. రెండు రోజులు తొక్కలేదు కూడా. అయితే తల్లి మాటలు గుర్తు చేసుకోబోతే మాటలు వస్తున్నాయి, గొంతు రావడం లేదు. మూడో రోజుకి ఆమెకి భయం వేసింది. చేపల పులుసు గిన్నె ఒకటి పట్టుకొని అవతలి గుమ్మం ఎక్కింది.

"వదినా," అంది, తల వంచుకొనే. "అమ్మని ఓసారి సూపెట్టవా?"

కాసులమ్మ గిన్నె అందుకుని ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. ఎలుక బొమ్మ లాంటి ఆ వస్తువుని తనే అటూ ఇటూ జరుపుతూ చెప్పింది.

"నువ్వే కదా వదినా, మాది సిన్నది, పట్టదన్నావు. అందుకే ఆయన బోనసొస్తే ఎనభై ఏయించినాను. నా పిల్లలిద్దరికీ పురుడు పోసినాది నరసమ్మత్తే. ఆవిడికి సోటు సాలకపోతే ఎలాగ?"

తవిటమ్మకి ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ తనని దహించిన ఆ ఎనభై తన తల్లి కోసం వచ్చిందన్నమాట. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఇంతలో తెర మీద నరసమ్మ చేట పట్టుకొని కూర్చుంది. మనవణ్ణి వెక్కిరించింది, బోసినోటితో నవ్వింది. ఆఖర్న తల తిప్పి కేకేసింది.

"ఒసే తవిటీ! ఆ కిటికీలోంచి కాసులమ్మింట్లోకి ఏటి సూస్తన్నావే? నీ పొయ్యి మీద అన్నం మాడిపోతంది, సూసుకో!"

ఈ మాట కాసులమ్మ ఎన్నిసార్లు వినుంటుంది? ఒక్కనాడూ పెదవి కదపలేదు. తవిటమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆ మంచితనం చూస్తే ఏడుపు ఇంకా ఎక్కువైంది. అది కూడా కాసులమ్మకే ఎక్కువ ఉండాలా?

"మళ్ళీ ఎట్టు" అంది.

కాసులమ్మ మళ్ళీ పెట్టింది. తల్లి మళ్ళీ తిట్టింది. తవిటమ్మ ముక్కు తుడుచుకొని బల్ల మీద అటూ ఇటూ చూసింది.

"అమ్మ గొంతు మీ దాంట్లో బాగా ఇనిపిస్తంది వదినా. ఈ స్పీకర్లు ఎక్కడ కొన్నావేటి?"