ఇనస్పెక్టరుకి విస్తరి

ఉదయగిరి బడిపంతులు జనార్దనయ్యకు ప్రపంచంలో ఏ దేశం వాళ్లు ఏం తింటారో తెలుసు. ఎస్కిమోలు సీలు కొవ్వు తింటారు. అరబ్బులు ఖర్జూరం మీద నెలలు గడుపుతారు. టిబెట్టు వాళ్లు తేనీటిలో వెన్న వేసుకుంటారు. ఐర్లాండు వాళ్లు బంగాళాదుంపలు తినేవాళ్లు; అవి కుళ్లిన ఏడాది మనుషులే తక్కువయ్యారు. తెలియనిదల్లా తమ ఇంట్లో ఈ పూట ఏం తినాలన్నదే.

ధాత సంవత్సరంలో వానలు పడలేదు. మరుసటేడు ఈశ్వర వచ్చింది, ఇంకా చుక్క లేదు. బతికుంటే బలుసాకు తినొచ్చని పెద్దలన్నారు. కొండ కింద బలుసుచెట్లకు ఇప్పుడు ఆకు లేదు; పెద్దల మాట ప్రకారం ఇక బతకాల్సిన అవసరమూ లేదు.

ఆ వీధికి ఒక మర్యాద ఉంది. మధ్యాహ్నం ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలిగించి ఉత్త నీళ్లు కాస్తారు. పొగ వీధిలోకి కనిపించాలి. తర్వాత మగవాళ్లు అరుగు మీదికొచ్చి, మూతి తుడుచుకుని త్రేన్చుతారు. ఎదురింటి త్రేన్పుకి ఇవతలింటి త్రేన్పు జవాబు. ఎవరి త్రేన్పునీ ఎవరూ నమ్మరు, అయినా ఎవరూ మానరు.

ఆషాఢంలో మునసబు నారాయణయ్య కబురు తెచ్చాడు.

“ఆత్మకూరు దగ్గిర సర్కారోళ్లు గంజి పోస్తా ఉండారు గదా. ఆడికి నడవలేని ముసలోళ్లకి ఇంటికే గింజలిస్తారంట, దినానికి పౌను తూకం. మీయమ్మ పేరు చెప్పినాను. రేపు ఇనస్పెక్టరొచ్చి చూసి రాసుకుంటాడు. నువ్వేం చెయ్యబళ్లా. ఇల్లు ఉన్నది ఉన్నట్టు చూపించు, చాలు.”

ఉన్నది ఉన్నట్టు చూపించడం ఆ వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

జనార్దనయ్య తల్లి ఓబులమ్మ చాప మీంచి లేవక పది రోజులైంది. ఆమె మణికట్టు పట్టుకుంటే వేళ్ల మధ్య ఇంకొకరి చెయ్యి కూడా పట్టేంత జాగా ఉంది. పౌను గింజలొస్తే గంజి కాచి ఆమెను నిలబెట్టుకోవచ్చు. రాకపోతే ఇంకో దారి లేదు. ఆత్మకూరు రెండు రోజుల నడక.

మర్నాడు పొద్దున జనార్దనయ్య భార్య వెంకమ్మ పొయ్యి దగ్గరికి పోలేదు.

“ఇయ్యాళ ఎలిగించను. ఆయన చూడాల గదా.”

“బాగుండాదే! మిట్టమధ్యాన్నం గుమ్మంలోకి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపేదా? మా తాతల కాలం నుంచీ ఎప్పుడన్నా జరిగిందా?”

“మీ తాతలు తినే చచ్చినారు. ఆయనొచ్చేది మనకి తిండి లేదని చూసేదానికండీ!”

“తిని చూస్తాడు. తింటే కళ్లు కనపడకుండా పోతాయా?”

తల్లి కంచుచెంబు కొట్లో ఇచ్చి, సోలెడు బియ్యం, పిడికెడు కందిపప్పు, ఉద్ధరిణెడు నెయ్యి తెచ్చాడు.

ఇనస్పెక్టరు పెంచలనరసయ్య ఒంటెద్దు బండిలో వచ్చాడు. మంచివాడే. నాలుగు రోజులుగా ఊళ్లు తిరుగుతూ సరైన తిండి ఎరగడు. “వద్దండీ అయ్యవారూ, మీకు శ్రమ” అని మూడుసార్లన్నాడు. నాలుగోసారి కాళ్లు కడుక్కున్నాడు.

“మంచి బియ్యం. ఏ ఊరివి?”

పంతులు మొహం వెలిగింది. “రంగూనువి. ఐరావతి నది ఒడ్డున పండుతాయి. అక్కడి జనం వీటిని ఊరబెట్టిన చేపల ముద్దతో తింటారు.”

ఓడెక్కి సముద్రం దాటి, బండ్ల మీద ఉదయగిరి కొట్టు దాకా వచ్చిన ఆ బియ్యం, అక్కణ్ణుంచి నాలుగిళ్లు దాటడానికి చెంబు అడిగిందని మాత్రం చెప్పలేదు.

“మీరూ కూర్చోండి.”

“మాదయింది” అని త్రేన్చాడు. రోజూ చేసే పని కాబట్టి బాగా వచ్చింది.

“చెన్నపట్నంలో డాక్టర్లు కొట్టుకుంటా ఉండారు. మనిషికి దినానికి పౌను చాలని ఒకరు, చాలదని ఒకరు. మీరేమంటారు?”

“ఎస్కిమోలకి గింజంటే ఏందో తెలవదు. అయినా దిట్టంగా ఉంటారు.”

“గింజ లేకుండానే!” అని ఇనస్పెక్టరు నెయ్యి కలుపుకున్నాడు.

మూలనున్న చాప మీంచి ఓబులమ్మ గొంతు వచ్చింది. “అబ్బయా, అన్నం వాసనొస్తా ఉండాది. ఎవుర్రా తినేది?”

ఇనస్పెక్టరు ముద్ద ఆపాడు. “పెద్దావిడ భోంచెయ్యలేదా?”

“ఏకాదశి ఉపాసం.”

“ఏకాదశి మొన్న గదండీ?”

“మా అమ్మ మొన్నటిది ఇంకా విడవలేదు. నిష్ఠ.”

ఆయన చెయ్యి కడుక్కుని పుస్తకం తెరిచాడు. “అయ్యవారూ, రూలొకటుండాది. ఇంట్లో తిండి లేదని ఇంటాయన నోటితో చెప్పాల. చెప్పండి, రాసుకుంటా.”

అరుగుల మీద మెడలు సాగాయి. తలుపు వెనక నుంచి వెంకమ్మ, “చెప్పండి, మీకు దండం పెడతా” అంది.

జనార్దనయ్య నోరు తెరిచాడు. ఏ దేశం సంగతి అడిగినా తడుముకోని మనిషి.

“ఏదో... సర్కారు వారు ఇస్తామంటే కాదంటామా!” అని నవ్వాడు.

ఇనస్పెక్టరూ నవ్వాడు. “బలే హాస్యగాళ్లండీ మీరు! నేను మారు వడ్డించుకున్న ఇల్లు ఇదొక్కటే. లేనోళ్ల గింజలు మీకు రాస్తే పాపం గదా?”

పుస్తకం మూసి బండెక్కాడు.

పెద్దమనిషి గనక మర్యాదకు విస్తట్లో పిడికెడు అన్నం వదిలాడు. వెంకమ్మ దాన్ని మెత్తగా పిసికి అత్త నోటి దగ్గర పెట్టింది.

“ఎవురి ఎంగిలే ఇది?”

“మనదే అత్తా.”

“మనింట్లో నెయ్యి యాడిది?”

ఓబులమ్మ నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

మూడోనాడు పాడె కట్టకముందే మునసబు దస్తరం పట్టుకుని అరుగు దగ్గర నిలబడ్డాడు. చావులు సర్కారుకి రాసి పంపాలి, కారణంతో సహా.

“ఏమని రాసేది జనార్దనయ్యా?”

వీధంతా వింటోంది. పంతులు లోపల పడుకోబెట్టిన తల్లి వైపు చూశాడు.

“అజీర్తి” అన్నాడు.

మునసబు తలెత్తకుండా రాసుకున్నాడు. ఆ వారం ఆ వీధిలో అది నాలుగో అజీర్తి.