వంక అవతలి గొంతు

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. బెళుగుప్ప దగ్గరి ఒక పల్లెలో రమీజా టీచరు. పాఠాన్ని పిల్లలకు కళ్లారా చూపించనిదే ఆమెకు తోచదు. ఆ మధ్యాహ్నం వాళ్లను వానలొస్తేనే పారే, ఇప్పుడు ఎండిన వంకలోకి దించి, ఇసుక తవ్వించి, పైన సన్నటి ఇసుక, కింద గులకరాళ్లు ఎందుకున్నాయో చెప్పమంది. ఊళ్లో చినుకు లేదు. పడమటి గుట్టల మీద నల్లగా కమ్మిన మబ్బును ఆమె గమనించలేదు.

ఉన్నట్టుండి పైనుంచి బండలు దొర్లుతున్నట్టు చప్పుడు.

"పైకి ఎక్కండి! పలకలు ఆడనే ఇడిసిపెట్టండి!"

పిల్లలు గట్టెక్కారో లేదో, ముళ్లకంపను నెట్టుకుంటూ ఎర్రనీళ్లు వచ్చేశాయి. రమీజా తలలు లెక్కపెట్టింది. ఈరప్ప కూతురు సుంకమ్మ లేదు.

"టీచరమ్మా! నేనీడ ఉండా!"

గులకరాళ్లు ఏరుతూ అటు పోయినట్టుంది, అవతలి ఒడ్డు కింద బండరాయి మీద నిలబడి ఉంది. వెనుక నిట్టనిలువు గట్టు, ముందు నీళ్లు. రమీజాకు ఈత రాదు. పెద్దపిల్లల్ని ఈరప్ప కోసం పరుగెత్తించింది.

"దిగొద్దు సుంకమ్మా! నీళ్లు యాడిదాకా వచ్చినాయో చూసి చెప్పు!"

"రాయి మీద తెల్లచార ఉండాది, దాని కిందికి వచ్చినాయి."

కాసేపటికి, "చార మునిగిపోయింది టీచరమ్మా" అంది ఏడుస్తూ.

రమీజా అడగడం మానలేదు. నీళ్ల రంగేంది? ఏమేమి కొట్టకపోతాండాయి? ఆ పిల్ల వెక్కుతూనే జవాబిస్తోంది. జవాబు ఆలస్యమైతే చాలు, రమీజా మళ్లీ పేరు పెట్టి పిలుస్తోంది.

"చార మళ్లా కనిపిస్తాండాది!"

వరద తీస్తోంది. ఈరప్ప వచ్చి, నడుముకు మోకు కట్టుకొని దిగి, కూతుర్ని భుజాన మోసుకొచ్చాడు.

"నేను బిడ్డను బడికి పంపిస్తి, వంకకు పంపలేదమ్మా" అని ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

బడుల ఇన్స్పెక్టరు గంగాధరప్ప సంజాయిషీ అడిగారు. ఉద్యోగం పోతుందన్న భయంతోనే రమీజా రాయడానికి కూర్చుంది. 'ఇసుక పొరల పరిశీలన జరుగుచుండగా వరద వచ్చినది. మబ్బును గమనించకపోవుట నా తప్పు' అని రాసింది. ఆ పైన కలం ఆగిపోయింది. చాలాసేపటికి, 'నీరు తగ్గువరకు నాకు అవతలి ఒడ్డు లేదు, ఆ పిల్ల గొంతు మాత్రమే ఉన్నది' అని కలిపింది.

గంగాధరప్ప చదివి తలెత్తారు. "ఇది సంజాయిషీనా, కవిత్వమా?"

"వంక వెడల్పు రాస్తే సరిపోతుందనుకుంటి సార్. ఆ పొద్దు అవతలి ఒడ్డు ఎంత దూరమైపోయిందో రాయకుంటే అబద్ధం రాసినట్టనిపించింది."

ఆయన మరోసారి చదివారు. "వానాకాలంలో వంకలోకి దిగొద్దు. తక్కిన పాఠాలు బయట చెప్పుకో. దీన్ని ట్రైనింగు స్కూలుకు పంపిస్తా, కొత్త టీచర్లు చదవాల."

సుంకమ్మ మాత్రం బడికి రాలేదు. వారం దాటాక ఈరప్పే చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు.

"ఇంట్లో నిలవదమ్మా ఇది. యాడికి తీసకపోయినా ముందు నాకొక మాట చెప్పు."

"చెప్తా అన్నా" అంది రమీజా.

ఆ పూట పిల్లలు సజ్జచేను గట్టున చీమలబారును చూస్తూ కూర్చున్నారు. సుంకమ్మ గట్టు దిగిన ప్రతిసారీ రమీజా మాట మధ్యలో ఆగిపోయింది. మళ్లీ అందుకొని చెప్పింది.