చెవి వెనక నీటిపొక్కు

నోట్లో గుండుసూదులు పెట్టుకుని స్కూలు చొక్కా కాలరు మడత పెడుతుండగా దర్జీ ఆవిడకి చెల్లెలు ఫోను చేసింది. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఊఁ" అంది.

"అక్కా, కోప్పడకు. మా వాడికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ఆటలమ్మేనని డాక్టరు చెప్పాడు."

ఆమె సూదులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి కుట్టుమిషను మీద పెట్టింది. 

ఆమె కూతురికి ఐదేళ్ళు. పొట్టిగా గుండ్రంగా ఉంటుందని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. కిందటేడు తగ్గని జ్వరం, కాళ్ళమీద నీలం మచ్చలు చూసి ఆస్పత్రికి తీసుకెళ్తే లుకేమియా అన్నారు. రక్తంలో కాన్సరు. ఆ ఏడాది ఎలా గడిచిందో ఆ తల్లికే తెలియాలి. గట్టి మందులన్నీ అయ్యాక ఇప్పుడు రోజూ ఇంట్లో మాత్రలు, అప్పుడప్పుడు రక్తపరీక్ష అనే దశకి వచ్చారు. నెత్తిమీద కోడిపిల్ల నూగులాంటి జుట్టు మొలుస్తోంది. "ఇక కొంచెం మనుషుల్లోకి రానివ్వండమ్మా" అని డాక్టరమ్మ కూడా అంది.

ఆ మాట పట్టుకునే ఆదివారం చెల్లెల్నీ దాని కొడుకునీ రమ్మంది. పిల్లలిద్దరూ మిషను బల్ల కింద దుప్పటి కట్టుకుని ఇల్లాట ఆడారు. ఒకే గ్లాసులో నీళ్ళు తాగారు. చాన్నాళ్ళకి కూతురు కిలకిలా నవ్వుతుంటే ఆమెకి కడుపు నిండినట్టయింది.

మామూలు పిల్లలకి ఆటలమ్మ అంటే వారం రోజుల దురద, బడికి సెలవు. బుడంకాయకి అలా కాదు. మందులు రోగాన్ని చంపుతూ చంపుతూ ఒంటికి కాపలా కాసే కణాల్ని కూడా చంపేశాయి. అలాంటి ఒంట్లోకి ఆటలమ్మ వస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని, ప్రాణం మీదికొస్తుందని నర్సు మొదట్లోనే చెప్పింది.

"కాస్త చూసుకుని తీసుకురాకూడదటే?" అని చెల్లెలి మీద అరిచింది.

"ఆదివారం వాడి ఒంటిమీద ఒక్క చుక్క లేదక్కా! తెలిసి తెస్తానా? నేనేమైనా పరాయిదాన్నా?"

ఆమె ఫోను పెట్టేసింది. ఆ తర్వాత చెల్లెలు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

భర్త సిటీబస్సు డ్రైవరు. ఎంత ఇరుకు సందులోనైనా చెయ్యి వణక్కుండా బస్సు తిప్పే మనిషి, ఆరోజు ఆస్పత్రికి బయల్దేరుతూ తాళంచెవి రంధ్రంలో పట్టించలేక తలుపు ముందు తడుముకున్నాడు. ఆస్పత్రిలో బుడంకాయ రెండు తొడలకీ ఇంజెక్షన్లు ఇచ్చారు. పిల్ల ఏడ్చిన ఏడుపుకి కారిడార్లో వాళ్ళు ఆగి చూశారు.

"ఇది ఆటలమ్మని ఆపొచ్చు, ఆపకపోవచ్చు," అంది నర్సు. "వస్తే మట్టుకు కాస్త తేలిగ్గా వస్తుంది. నాలుగు వారాలు కనిపెట్టి ఉండండి. ఒక్క పొక్కు కనబడినా పరుగెత్తుకు రండి. ఇంకోటమ్మా, పొక్కు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకి అంటుతుంది. అందుకని ఈసారి రక్తపరీక్షకి వచ్చినప్పుడు పక్క తలుపులోంచి రండి. మిగతా పిల్లలతో కూర్చోబెట్టొద్దు."

ఇక రోజూ పొద్దున్నే కిటికీ వెలుతురులో పిల్లని నిలబెట్టి, తానులో నేత తప్పు వెతికినట్టు ఒళ్ళంతా వెతికేది. దోమకాటుకి ఒకసారి, చెమటకాయకి ఒకసారి గుండె జారిపోయింది.

"అమ్మా, నన్ను కూడా కత్తిరించి కుడతావా?" అంది బుడంకాయ.

"కత్తిరించడానికి నువ్వెంతున్నావే, జేబురుమాలు కూడా రాదు," అని నవ్వింది ఆమె. నవ్వుతూనే చంకలో చూసింది.

రక్తపరీక్ష రోజు చెప్పినట్టే పక్క తలుపులోంచి వెళ్ళారు. కాగితం మీద సంతకం పెట్టి తిరిగేసరికి పిల్ల లేదు. బొమ్మల మూలలో, తన నేస్తం కళ్ళజోడు పిల్లాడి భుజం మీద తల వాల్చి పుస్తకం చూస్తోంది. వాడిదీ అదే జబ్బు, అవే మందులు. ఆమె ఒక్క ఉదుటున వెళ్ళి కూతుర్ని ఎత్తుకుంది.

"ఆడుకోనీ వదినా, పాపం ఎన్నాళ్ళకి కలిశారో," అంది పిల్లాడి తల్లి.

చెప్పాలి. కానీ ఇంకా ఒక్క పొక్కైనా లేదు కదా, ఉత్తినే ఆవిణ్ణి ఎందుకు బెదరగొట్టడం అనుకుంది. "పనుంది వదినా," అని వచ్చేసింది.

మర్నాడు పొద్దున చెవి వెనక కనబడింది. ఎర్రటి మచ్చ, దాని నడుమ మంచుబొట్టులాంటి నీటిపొక్కు.

"చెమటకాయేమోనే," అన్నాడు భర్త. ఆయన మొహం మాత్రం ఆ మాట అనలేదు.

ఆస్పత్రికి చేరేసరికి పొట్టమీద మరికొన్ని లేచాయి. ఈసారి వార్డులోకి రానివ్వలేదు. వెనక మెట్ల మీంచి విడిగా ఉన్న గదికి తీసుకెళ్ళారు. రోజూ పలకరించే ఆయా కూడా దూరంగా నిలబడి చెయ్యి ఊపింది. ఏడాదిగా లోకంలో ప్రతి దగ్గుకీ, ప్రతి తుమ్ముకీ హడలిపోయిన ఆ తల్లికి, తన పిల్లని చూసి మనుషులు పక్కకి తప్పుకోవడం అదే మొదలు.

నర్సు పిల్ల చేతికి సెలైన్ పెడుతూ అడిగింది. "నిన్న వచ్చినప్పుడు ఎవరి పక్కనైనా కూర్చుందా?"

లేదు అనే మాట నాలుక చివర నిలబడింది. బుడంకాయ తల్లివైపే చూస్తోంది.

"కూర్చుంది," అంది. "కళ్ళజోడు బాబు పక్కన. నేనే ఫోను చేసి చెప్తాను."

అవతల ఫోను ఎత్తగానే ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. "వదినా, బాబుని ఇప్పుడే తీసుకురండి. మా పిల్లకి ఆటలమ్మ. ఇంజెక్షన్ ఉంది, టైముంది..."

పిల్లాడి తల్లి ఒక్కటే అడిగింది.

"నిన్న నీకు తెలుసా?"

"పొక్కు లేదు వదినా. రావచ్చని మాత్రం తెలుసు. నోరు పెగల్లేదు."

ఫోను కట్టయింది.  ఆ ఆదివారం చెల్లెలికైతే ఏమీ తెలియదు. తనకి తెలుసు. 

కాసేపటికి చెల్లెలికి ఫోను చేసింది. "వాడెలా ఉన్నాడే?" అని మాత్రం అడగ్గలిగింది. అవతల చెల్లెలు బావురుమంది. ఇక్కడ అక్క కూడా.

ఆ వారం భయం ఆమెతోపాటే కుర్చీలో కూర్చుంది, ఆమెతోపాటే లేచింది. జ్వరం మండిపోయింది. దగ్గు మొదలయ్యాక ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఆ ఫిల్ము వెలుగులో పట్టుకుని చూస్తున్నంతసేపూ భర్త ఆమె చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు విరిగింది. ఇద్దరూ గమనించలేదు.

"ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. ఇప్పటికి," అంది డాక్టరమ్మ.

ఆ 'ఇప్పటికి' అనే మాట పట్టుకుని ఆమె పూటపూటా పిల్ల ఛాతీ ఎగసిపడటం చూస్తూ కూర్చుంది. బుడంకాయ దురదకి ఏడ్చి, అలసి, పడుకుని, లేచి మళ్ళీ ఏడ్చింది. కొత్త పొక్కులు రావడం ఆగింది. పాతవి ఎండి పక్కుకట్టాయి. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "ఆకలేస్తోంది. ఆస్పత్రి అన్నం కాదు, మనింటిది," అంది. తండ్రి కారిడార్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

కళ్ళజోడు పిల్లాడికి అదేరోజు ఇంజెక్షన్ పడిందని నర్సు చెప్పింది. ఇక్కడి కబురు అక్కడా చెప్పేది. వాడి వారాలు కూడా ఆమె తన పిల్లవి లెక్కపెట్టినట్టే లెక్కపెట్టింది. ఫోను చేసే ధైర్యం రాలేదు. గడువు దాటిన రోజున అటునుంచే ఒక మెసేజ్ వచ్చింది. 'రాలేదు.' అంతే, ఆ ఒక్క మాటే.

ఆటలమ్మ తగ్గేదాకా ఆపిన మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. తర్వాతి రక్తపరీక్షకి అందరితోపాటు కూర్చోవచ్చన్నారు. ఆమె వెళ్ళేసరికి కళ్ళజోడు పిల్లాడి తల్లి అక్కడే ఉంది. పక్కన ఖాళీ కుర్చీలో సంచీ పెట్టుకుంది. సంచీ తియ్యలేదు. ఆమె దానికి ఇవతల కూర్చుంది. పిల్లలిద్దరూ ఎవరి తల్లి కొంగు వాళ్ళు పట్టుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

కాసేపటికి ఆవిడ ఎటో చూస్తూనే అడిగింది.

"దగ్గు తగ్గిందా?"

"తగ్గింది వదినా," అంది దర్జీ ఆవిడ.