దడి పక్క గోతులు

పెరట్లో గునపం చప్పుడు వినగానే లక్ష్మణమ్మ చేట కింద పెట్టి దడి దగ్గరికి నడిచింది. కమ్మల సందులోంచి చూస్తే మరిది కూర్మయ్య దడికి మూరెడు దూరంలో వరసగా నాలుగు గోతులు తీస్తున్నాడు. ఆ ఏడు గ్రామసేవకుడు ఇంటింటికీ కొబ్బరి మొక్కలు పంచిపెట్టాడు. ఆమె తనవి నూతి పక్కన నాటుకుంది. అంత పెరడుండగా కూర్మయ్యకి దడి పక్కే చోటు దొరికింది.

అన్నదమ్ములు పెరడు పంచుకున్నప్పుడు పెద్దలు హద్దు మీద గొయ్యి తీసి కుండెడు బొగ్గులు పూడ్చారు. దడికి చెదలు పట్టినా బొగ్గు కుళ్లదు, ఎన్నేళ్లకైనా తవ్వి చూసుకోవచ్చు. అప్పుడామె పురిటి మంచం మీద ఉంది, కుండ పెట్టిన చోటు చూడలేదు. తర్వాత దడి కట్టినవాడు ఆమె పెనిమిటి. ఆయన పోయాడు. ఆ కుండ కూడా పోతే దడి ఎటు జరిగినా అడిగే దిక్కులేదు. దడికి ఇవతల తనవైపున్న జామచెట్టు కాయలూ, మల్లెపొద పూలూ అమ్మిన డబ్బుతోనే ఆమెకి ఉప్పూ పప్పూ వచ్చేవి.

"ఏటి కూర్మయ్యా, కొబ్బరికి అంత లోతేటి?" అని అడిగింది.

"గ్రామసేవకుడు సెప్పినాడు వొదినా. నీకేటి కట్టం?"

"నాకేటుంది. సెమట నీదే కదా."

మూడో రోజు గోతుల గట్టున నల్లటి పలుకులు కనిపించాయి. మొక్కల అడుగున వేయడానికి కూర్మయ్య పొయ్యి బూడిదా, ఉప్పూ తెచ్చి కలుపుతున్నాడు. ఆమెకి బూడిద కనపడలేదు, బొగ్గే కనపడింది. అతను అన్నానికి వెళ్లగానే దడి కింద చెయ్యి దూర్చి నాలుగు పలుకులు కొంగున కట్టుకుని, పంపకం చేసిన అప్పలసూరి ఇంటికి పోయింది. ఆ ముసలాయనకి కుండ ఎక్కడ పెట్టారో గుర్తులేదు. శుక్రవారం నలుగురినీ తీసుకొచ్చి దడి కింద తవ్విస్తానని, కుండ లేకపోతే కూర్మయ్య ఊరి ముందు నిలబడి జవాబు చెప్పాలని అన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె బొబ్బిలి సంతలో తెచ్చుకున్న నిమ్మమొక్క నాటడానికి జామచెట్టుకి ఇవతల గొయ్యి తీసింది. మొక్క ఉన్న నేలని ఎవడూ ఊరికే లాక్కోలేడని ఆమె ధైర్యం. మోకాలి లోతున గునపానికి పెంకు తగిలింది. చేత్తో మట్టి తీసింది. కుండ మూతి, దాన్నిండా బొగ్గులు.

ఆమె కుండ దగ్గర్నుంచి దడిదాకా చేత్తో కొలుచుకుంది. దడి అక్కడికి నాలుగు మూరలు అవతలుంది. జామచెట్టూ, మల్లెపొదా రెండూ కూర్మయ్య నేలలో ఉన్నాయి. దడి జరిపింది తన పెనిమిటే.

పూడ్చేస్తే ఎవరికీ తెలియదు. రేపు దడి కింద ఏమీ దొరకదు, కూర్మయ్య దొంగవుతాడు. ఆమె రెండు దోసిళ్ల మట్టి కుండ మీద పోసింది. మూడో దోసిలి చేతిలో ఉండగా దడి మీంచి తల కనిపించింది.

"ఏటి వొదినా, నిమ్మకి అంత లోతేటి?"

ఆమె మట్టి పక్కన పారబోసింది.

మర్నాడు నలుగురూ దడి దగ్గర ఆగితే, ఆమె ఇంకా ఇవతలికి రమ్మని గొయ్యి చూపించింది. అప్పలసూరి బొగ్గు నలిపి చూసి ఇదే హద్దన్నాడు. కూర్మయ్య గొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నిన్న తవ్వినావు, ఇయేల కుండ ఉన్నాది. కాసే సెట్టు నాకెందుకిస్తన్నావు? అసలు కతేటి?"

"మీ అన్న దడి జరిపినాడు. అదే కత."

అతను నమ్మలేదు. ఇంకో కుండేదైనా ఉందేమోనని అటూ ఇటూ తవ్వి, ఏమీ దొరక్క గునపం దింపాడు. ఆమె కుండకి మూరెడు ఇవతల వేరే గొయ్యి తీసి నిమ్మమొక్క నాటుకుంది.

సాయంత్రానికి కూర్మయ్య కొత్త హద్దు మీద దడి లేపాడు. మల్లెపొదకి ఎదురుగా మనిషి దూరేంత సందు మిగిలింది. ఇదెందుకని ఆమె అడిగితే, నువ్వు పూలు కోసుకోడానికన్నాడు.

ఆమె సరేనని లోపలికొచ్చి పొయ్యి రాజేసింది. అన్నం ఉడికేదాకా, ఆ సందుకి బదులు కూర్మయ్య ఏం అడగబోతున్నాడా అనే ఆలోచిస్తూ కూర్చుంది.