పడుకున్న గుండె

"చొక్కా ఇప్పి పడుకోమంటే బనీను ఎవరికోసం ఉంచుకున్నావు పెద్దాయనా?" అని అడగడం జ్ఞానరాజుకు ఆ పొద్దున అది నాలుగోసారి.

పెద్దాయన బనీను విప్పాడు. జ్ఞానరాజు ఛాతీ మీద జెల్లీ పూసి రబ్బరు బుడ్డలు వరసగా అంటించాడు. మూడోది ఊడింది. దాన్ని అంటిస్తే అయిదోది ఊడింది. ముక్కుతో గట్టిగా గాలి వదిలి, వేలితో నొక్కిపట్టుకుని మీట వేశాడు. కాగితం టకటకమంటూ బయటికి వచ్చింది.

"ఎట్లుండాదప్పా?"

"డాక్టరమ్మ చెప్తాది. లెయ్."

కర్నూలులో ఆ నర్సింగ్ హోమ్ మెట్లకింది గదిలో ఇరవై రెండేళ్లుగా అతను చెప్పే జవాబు అదొక్కటే. పత్తికొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఊడ్చే పనికి చేరాడు. పాత టెక్నీషియన్ పోతూపోతూ ఆరు నెలలు పక్కన నిలబెట్టుకుని ఈసీజీ మిషను నేర్పాడు. ఊళ్లో సగంమంది గుండెల గీతలు జ్ఞానరాజు కళ్ల ముందునుంచే పోయాయి. చదవడం వచ్చు, చదివింది పైకి చెప్పే హక్కు లేదు. రోడ్డు మీద ఈసీజీ రాజు అంటే అందరికీ తెలుసు, జ్ఞానరాజు అంటే ఎవరికీ తెలియదు.

ఆ రోజు అసలే మనసు చిరచిరలాడుతోంది. దానికి కారణం వేణుగోపాల్ శెట్టి.

శెట్టికి ఇనుప సామాన్ల కొట్టు. ఎనిమిదేళ్ల కిందట భార్యకు ఈసీజీ తీయించడానికి వచ్చి, గది బయట ఆనించి ఉన్న సైకిల్ చూసి, "ఎంత దూరం తొక్కుతావప్పా?" అని అడిగాడు. అప్పుడతను తొంభై రెండు కిలోలు, బీపీకి రోజూ రెండు మాత్రలు. వారంలో సైకిల్ కొన్నాడు. ఇప్పుడు యాభై ఆరేళ్లకు డెబ్బై నాలుగు కిలోలు. మాత్రలు ఒకటికి దిగాయి. వారానికి మూడు పొద్దులు ఇద్దరూ ఓర్వకల్లు దాకా పోయి వస్తారు. మహానంది చూశారు, అహోబిలం చూశారు. వచ్చే ఆదివారం కడపకు బయల్దేరాలి, రెండు రోజుల దారి. సైకిలెక్కినవాడికి గుండెజబ్బు రాదని శెట్టి కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్తాడు. సైకిల్ అతనికి చేసిన మేలు నిజమే కాబట్టి ఆ మాటను కాదనడం కష్టం.

ఆ పొద్దున పనికి రాకముందు, ఓర్వకల్లు రాళ్లగుట్టల ముందు మిట్ట మీద శెట్టి సగంలోనే సైకిల్ దిగాడు.

"ఏమైంది శెట్టీ?"

"చైను."

చైను సరిగానే ఉంది. నవంబరు చలిగాలిలో శెట్టి దవడ కింద చెమట కారుతోంది. ఎడమ భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"దవడ లాగుతాండాదా?"

"రాత్రి మిరపబజ్జీలు తింటి. గ్యాసు."

"ఎన్నాళ్లనుంచి ఈ గ్యాసు?"

"ఒక నెల. దిగి నిలబడితే రెండు నిమిషాలకు పోతాది. దిగితే పోయేది రోగమెట్లయితాదప్పా?"

జ్ఞానరాజుకు ఒళ్లు మండింది. ఎక్కితే వచ్చి దిగితే పోయేదాన్నే కదా భయపడవలసింది! తిరిగివచ్చే దారంతా ఆ ఒక్క సంగతే చెప్పాడు. చివరికి శెట్టి విసుక్కుని, మధ్యాహ్నం వస్తాలే అన్నాడు.

పన్నెండున్నరకు వచ్చాడు. అడగకముందే బనీను విప్పి పడుకున్నాడు. కాగితం బయటికి వస్తుంటే జ్ఞానరాజు ఊపిరి బిగబట్టి చూశాడు. గీతలు చక్కగా ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో అచ్చువేసినట్టున్నాయి. ఒక్కటైనా వంకర ఉంటే బాగుండునని ఇరవై రెండేళ్లలో మొదటిసారి అనుకున్నాడు.

డాక్టరమ్మ కాగితం చూసి, నొప్పి సంగతి రెండుసార్లు అడిగింది. "ఇది బాగుంది. కానీ ఇంతటితో తేలదు. సోమవారం ట్రెడ్‌మిల్ పరీక్ష చేద్దాం. అప్పటిదాకా సైకిల్ ముట్టుకోవద్దు. తర్వాత ఎంత తొక్కాలో నేనే చెప్తాను, మాన్పించను," అని మందుచీటీ రాసిచ్చింది.

శెట్టి చెవికి ఎక్కింది 'బాగుంది' వరకే.

మూడున్నరకు టీ వేళ జ్ఞానరాజు కొట్టుకు పోయి చూస్తే ఈసీజీ కాగితం గల్లాపెట్టె మీద పరిచి ఉంది. పక్క కొట్టు బొజ్జన్న దాని మీదికి వంగి చూస్తున్నాడు.

"చూడు బొజ్జన్నా, యాభై ఆరేండ్ల గుండె. రాజే తీసినాడు."

"మందులు తెచ్చుకున్నావా?" అన్నాడు జ్ఞానరాజు.

"సోమవారం చూద్దాంలే."

"శెట్టీ, అది పడుకున్న గుండె పటం. మిట్ట ఎక్కేది నువ్వు పడుకోని కాదు గదా."

"ఆ కాగితం తీపిచ్చుకోమని నెత్తి కొట్టుకునింది నువ్వే. తీపిచ్చుకుంటి. బాగుండాది. ఇప్పుడది చెల్లదంటాండావు. నీ మిషనును నువ్వే నమ్మకపోతే ఎట్లప్పా?"

బొజ్జన్న నవ్వాడు. కాగితానికి ఉన్న పరువు కాగితం తీసినవాడికి లేకపోయింది.

"ఇప్పుడే పోయి ఆ మిట్ట సైకిల్ దిగకుండా ఎక్కొస్తా. నీ అనుమానం తీరుతాది," అన్నాడు శెట్టి.

"నాకేం చూపించనక్కర్లే. ఆదివారం నేను రాను. నీతో మాట్లాడేకంటే ఆ తక్కెడతో మాట్లాడేది మేలు."

విసురుగా వెనక్కి వచ్చేశాడు. నర్సింగ్ హోమ్ కౌంటర్ దగ్గర ఫోను కనబడితే, శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మకు ఒక మాట చెబుదామా అనిపించింది. అంకెలు సగం నొక్కాడు. మగని మీద చాడీలు చెప్పినట్టవుతుంది, పైగా తనేమన్నా డాక్టరా అనుకుని పెట్టేశాడు. బయట అయిదుగురు వేచి ఉన్నారు. ఒకామె మెడలో తాయెత్తు తీయనంటే ఆమెతో పది నిమిషాలు పోట్లాడాడు.

ఆరున్నరకు క్యాజువాలిటీ నుంచి మిషను తెమ్మని కబురు వచ్చింది. బండి తోసుకుంటూ పోయాడు.

మంచం మీద వేణుగోపాల్ శెట్టి ఉన్నాడు. చొక్కా అప్పటికే విప్పి ఉంది. మధ్యాహ్నం పూసిన జెల్లీ ఛాతీ వెంట్రుకల్లో ఉప్పులా ఎండిపోయి ఉంది. తొందరలో తుడుచుకోలేదు. జ్ఞానరాజు దూది తడిపి నెమ్మదిగా తుడిచాడు. కొత్త జెల్లీ పూశాడు. బుడ్డలు అంటించి మీట వేశాడు. తిన్నని గీత వచ్చింది. ప్రాణం పోయిందని తేల్చడానికి నియమం ప్రకారం ఎంత పొడవు తీయాలో అంత పొడవూ తీశాడు. పేరు, వయసు, వేళ రాశాడు. డాక్టరమ్మ చూసి సంతకం పెట్టింది.

నంద్యాల వైపునుంచి వస్తూ శెట్టిని ఎక్కించుకొచ్చిన లారీ డ్రైవరు కంబన్న గోడవార నిలబడ్డాడు. "మిట్టపైన రాయికి ఆనుకోని కూర్చోనుండె సార్. సైకిలు స్టాండేసి, తాళమేసి ఉండాది. అలిసిపోయినాడేమో అనుకుంటి. నీళ్లు కావాల్నా అంటే పలకలే."

ఎక్కాడన్నమాట. జ్ఞానరాజుకు మళ్లీ కోపమే వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

రాజ్యలక్ష్మమ్మ వచ్చింది. ఏడవలేదు. మంచం పక్కన నిలబడి జ్ఞానరాజు ముఖం వైపు చూసింది. "మధ్యాన్నం బాగుండాదంటిరంట గదన్నా."

జ్ఞానరాజు ఆ మాట అనలేదు. తల వంచుకుని వైర్లు చుట్టాడు.

బయట పోర్టికోలో, లారీ మీదనుంచి దించిన సైకిల్ స్తంభానికి ఆనించి ఉంది. హ్యాండిల్‌కు గుడ్డసంచి. ఇంటివాళ్లకు ఇద్దామని విప్పి చూశాడు. అట్టపెట్టెల్లో రెండు కొత్త ట్యూబులు. ఒకటి శెట్టి చక్రానికి సరిపోయే ఇరవై ఎనిమిది అంగుళాలది. రెండోది ఇరవై ఆరు. పెట్టె ఇంకా విప్పలేదు. దాని మీద, కొట్టులో సరుకుకు గుర్తు రాసే నీలి పెన్సిలుతో, 'రాజు - కడప' అని రాసి ఉంది.