వెయ్యిలో తొమ్మిది వందల పదహారు

పెన్‌పహాడ్ బడిలో చదువుకున్నన్నాళ్లూ 916 అంటే ఏదో కంపెనీ పేరనుకున్నాను. సూర్యాపేటలో నగలకు హాల్‌మార్క్ వేసే సెంటర్‌లో చేరిన మూడో వారంలో ఆ అంకె అంటే ఏమిటో కళ్లారా చూశాను.

ఆ రోజు మిర్యాలగూడ నుంచి వీరాచారి అనే ముసలి అవుసలాయన వచ్చాడు. తన చేత్తో చేసిన గాజుల జత తెచ్చాడు. కోదాడలో కొత్తగా తెరిచిన ఒక నగల దుకాణం ఆయనకిచ్చిన మొదటి పని అది. వీటికి హాల్‌మార్క్ పడితేనే మళ్లీ పని ఇస్తామన్నారట.

మా జనార్దన్ సార్ ఒక గాజును మిషన్‌లో పెట్టాడు. ఇరవై రెండు క్యారెట్ల నగ అయితే వెయ్యి పాళ్లలో కనీసం 916 పాళ్లు బంగారం ఉండాలి. తెర మీద 941 అని వచ్చింది. ఎక్కువే వచ్చింది కదా అని నేను సంతోషపడ్డాను. సార్ ముఖం మాత్రం ముడుచుకుంది.

"ఏం ఆచారీ, పైన పూత గిట్ల పూసినవా?"

"పూతా? నేనా?" ముసలాయన కుర్చీలోంచి లేచాడు. "మెరుగు పెట్టిన సార్. పటిక, ఉప్పు, సురేకారం ఏసి ఉడికిస్తే పైనున్న రాగి పోతది, బంగారం తేలుతది. మా నాయన చేసిన తీరే చేసిన."

"ఈ మిషన్‌కు పైతోలే కనవడతది. లోపల తక్కువ పెట్టి పైన మంచిది పూసినా గిట్లనే సూపెడతది. లోతుగ గీకి, నిప్పుల పెట్టి సూడాలె."

"గీకుండ్రి. కావాలంటే నన్ను గూడ గీకుండ్రి."

నవ్వు ఆపుకున్నాను. ఆయన మళ్లీ కుర్చీలో కూర్చోలేదు. పూత అని తేలితే కోదాడ దుకాణమే కాదు, మిర్యాలగూడలో కూడా ఎవరూ ఆయన చేతిలో బంగారం పెట్టరు.

సార్ గాజు లోపలి వైపు లోతుగా గీకి రెండు వందల మిల్లీగ్రాములు తూచాడు. దానికి కొంచెం వెండి కలిపి, సీసం రేకులో చుట్టి, చిన్న మట్టి గిన్నెలాంటి దాంట్లో పెట్టి కొలిమిలోకి తోశాడు.

"రా వందనా, సూడు," అని నన్ను పిలిచాడు. వీరాచారి కూడా నా వెనకే వచ్చాడు.

ఎర్రటి వెలుగులో సీసం కరిగింది. రాగిని వెంటబెట్టుకుని మెల్లగా గిన్నెలోకి ఇంకిపోసాగింది. చుక్క చిన్నదైంది. దాని మీద రంగులు తిరిగాయి. ఉన్నట్టుండి ఒక్కసారి తళుక్కుమని కదలకుండా నిలిచింది.

గిన్నెలో మిగిలిన ఆ పూసను సార్ రేకులా సాగదీసి, చుట్టచుట్టి, ఆమ్లంలో మరిగించాడు. వెండి కరిగిపోయింది. మిగిలింది మట్టి రంగులో ఉంది.

"ఇదా బంగారం?" అన్నాను.

"ఆగు బిడ్డా," అన్నాడు వీరాచారి.

మళ్లీ నిప్పు తగలగానే మట్టి రంగు పోయి పచ్చగా వెలిగింది. అంత శుద్ధమైన పసుపు నేనెక్కడా చూడలేదు. సార్ దాన్ని తూకంలో పెట్టాడు. 183.4 మిల్లీగ్రాములు. లెక్క కట్టాను. వెయ్యికి 917.

"ఒక్క పాలు ఎక్కువ," అన్నాడు సార్. తూకం మీంచి తలెత్తి, "తప్పుగ అన్న పెద్దాయనా. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

వీరాచారి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఇగ మెరుగు జర తక్కువ పెడత సార్. మీ మిషన్ పరేషాన్ అయితున్నది."

తర్వాత గాజును లేజర్ కింద పెట్టాను. కన్ను మూసి తెరిచేలోగా పని అయిపోయింది. ఆయనకు భూతద్దం ఇచ్చి చూపించాను: హాల్‌మార్క్ గుర్తయిన త్రికోణం, దాని పక్కన 22K916, ఆ పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ. ఆ ఆరూ ఈ ఒక్క గాజువే, ఇంకే నగకూ ఉండవని చెప్పాను.

ఆయన చాలాసేపు భూతద్దం దించలేదు.

"ఇంత సన్నగ ఏ ఉలితోని చెక్కినవ్ బిడ్డా?"

"ఉలి లేదు తాతా. వెలుతురే."

ఆయన లేజర్ మిషన్ అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, రెండో గాజు నా చేతికిచ్చాడు.

"ఇది జర మెల్లగ చెయ్యి. సూస్త."