ఖాళీ గడులు

మా పరిశోధనలో గర్భం రాకుండా కొత్త ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు రోజూ కార్డులో ఒక గడి నింపాలి. రక్తస్రావం అయితే టిక్కు, కాకపోతే సున్నా. ఖాళీ గడిని సున్నాగానే ఎక్కించమని పెద్దసారు చెబితే, ఏడాదిగా గంగిరెద్దులా తలూపుతూ ఎక్కిస్తున్నాను.

ఈరోజు దర్జీ అక్క తెచ్చిన కార్డులో పదకొండు ఖాళీలున్నాయి. కుర్చీ పాడవుతుందని ఆమె గోడకానుకుని నిలబడే ఉంది.

"ఇన్ని గడులు వదిలేశావేం అక్కా? అంత బద్ధకమా?" అని కసిరాను.

"మంచం దిగలేని రోజులమ్మా అవి. బట్ట మార్చుకోవడానికే ఓపిక లేకపోతే కార్డేం రాస్తాను?"

డాక్టరమ్మను కేకేసి, బీరువా తెరిచాను. నాలుగు వందల కార్డులు. ఎక్కడ చూసినా ఖాళీలే.

నిన్న నేను పంపిన నివేదికలో మొదటి వాక్యం: "ఈ ఇంజెక్షన్‌తో రక్తస్రావం బాగా తగ్గింది."